పెద్ద సైజు కుడి టైరు

తమ్ముడూ,

నీ షాపు నుంచి వెనక టైర్లు రెండూ అందాయి. మా తోటలో గడ్డి కోసే ఆ ముసలి ట్రాక్టర్‌కి చక్కగా సరిపోయాయి. నువ్వన్నట్టే పాత టైర్ల మీది నంబర్లు నమ్మకుండా రిమ్ములు కొలవడం మంచిదైంది. పాతవాటిలో కుడిది ఒక సైజు పెద్దదట! అందుకే ఇన్నేళ్లూ బండి ఎడమకి ఒరిగే నడిచింది.

ఇప్పుడు తిన్నగా నిలబడింది. మీ బావ మాత్రం ఎక్కీ ఎక్కగానే, "ఇదేంటే, కుడికి వాలిపోయింది!" అన్నారు. అంచుదాకా నీళ్లు నింపిన గ్లాసు బానెట్ మీద పెట్టి చూపించాను. చుక్క ఒలకలేదు. ఆయన తల పక్కకి వంచి చూసి, "గ్లాసు కూడా వాలింది" అన్నారు.

నవ్వకు. కుడివైపుకి ఆ పెద్ద సైజుదే ఒకటి పంపు. తిన్నగా ఉన్న బండిని నేనేం చేసుకోను? గడ్డి కోసేది ఆయన కదా.

మీ అక్క