వెనక టైర్ల ఎత్తు

ఎల్.బి. నగర్,
9 నవంబర్ 2011

ప్రియమైన భానుమూర్తన్నకు,

తమ్ముడు మహిపాల్ నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. చంచల్‌గూడ జైల్లో ఉన్న మనిషిని క్షేమమా అని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. మా బస్తీ గోపయ్య తాత కాలికి కట్టు మొన్న విప్పారు. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాడు. ముందు ఆ మాటే నీకు చెప్పాలనిపించింది.

మా ఊరేగింపు మీదికి కారు కావాలనే ఎక్కించావని నీ మీద హత్యాయత్నం కేసు పెట్టారు. ఆంధ్రోడు కాబట్టే చేసిండని మా బస్తీలో ఇప్పటికీ అంటున్నారు. శుక్రవారం నీ బెయిలు వాదన. అందుకే ఇక ఆగలేక రాస్తున్నాను.

తెలంగాణ కోసం జరిగిన సమ్మెకు మా వీధిలో షట్టర్లన్నీ మూయించిన జేఏసీలో నేనూ ఉన్నాను. అక్టోబర్ 8న నువ్వు వెనక టైరు పగిలి వచ్చి, ఆసుపత్రికి పేషెంటును తీసుకెళ్లాలి, ఒక్కసారి షాపు తెరువు తమ్ముడూ అన్నావు. వెనక సందులోంచి తలుపు తీశాను. నీ కారు సైజు టైర్లు లేవు, గోడౌన్ నుంచి లారీలు రావడం లేదు. లేదని చెప్పి గిరాకీని పంపడం నాకు చేతకాదు. కాస్త ఎత్తయినవి రెండుంటే వెనక బిగించాను.

చంపాపేట్ దాకా పోయి తిరిగొచ్చావు. బండి లాగడం లేదు, ట్రాక్షన్ లైటు ఆరడం లేదు, ఇదేంటి మహిపాల్ అన్నావు. ఏం గాదన్నా, జర ఆగు అన్నాను. ఎందుకో నాకు తెలుసు. వెనక చక్రం పెద్దదైతే అంతే దూరానికి తక్కువ చుట్లు తిరుగుతుంది. ముందు చక్రం ఎక్కువ తిరుగుతుంది. నీ బండిని లాగేవి ముందు చక్రాలే. అవి జారి ఊరికే తిరుగుతున్నాయని కంప్యూటర్ పొరబడి ఆ లైటు వెలిగించి ఇంజన్ బలం తగ్గించేస్తుంది. ఆ టైర్లు మార్చడమే మందు. నేను ఫ్యూజు పీకేశాను. లైటు వెలిగినా పట్టించుకోకన్నా అని పంపేశాను.

ఆ ఫ్యూజు పోతే, బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కూడా పోతుంది. అది నీకు చెప్పలేదు. అదే రోజు సన్నటి వానలో దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఊరేగింపు ఎదురైతే నువ్వు బ్రేకు తొక్కావు. చక్రాలు బిగుసుకుపోయి, స్టీరింగు తిప్పినా తిరగక, బండి జారుతూ వచ్చి తాతను కొట్టింది. బ్రేకు తొక్కినా ఆగలేదండీ అని నువ్వు ఏడుస్తుంటే జనం నిన్ను కొట్టారు. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను.

నోరు తెరిస్తే సమ్మెలో దొంగచాటుగా షాపు తీశానని బయటపడుతుంది. ద్రోహి అంటారు. ఆ భయంతోనే ముప్పై రెండు రోజులు నిన్ను లోపల ఉంచాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది. నిన్న తాతకు అంతా చెప్పాను. గా పిలగాడు లోపల కూసుంటే నీకు బువ్వ ఎట్ల దిగిందిరా అన్నాడు.

ఈ కవరు అంటించకుండా మాలతి వదిన చేతికిస్తున్నాను. ముందు వకీలుకు చూపించమన్నాను. కారు ఠాణాలో అలాగే ఉంది. టైర్లు కొలిస్తే తెలుస్తుంది. కోర్టులోనూ ఇదే చెబుతాను.

ఇట్లు,
క్షమించమని అడగలేని
మహిపాల్

తా.క.: రోడ్డు మీద బ్రేకు గీతలు లేవనీ, నువ్వు అసలు బ్రేకే తొక్కలేదనీ పోలీసులకు రాసిచ్చిన సాక్షి ఎవరో ఇంకా తెలియలేదని వదిన అంది. టైర్ల పని తెలిసినవాడివి, నువ్వు చెప్పు అని వాళ్లు అడిగింది నన్నే. సంతకం నాదే. గీతలు ఉన్నాయన్నా. నేను చూశాను.