ఒంటరిగా వస్తే అద్దెకివ్వరు

మార్చి 2, గురువారం

తుపాకీ కొనాలని నిర్ణయించాను. ఇప్పటిదాకా ఈ ఇంట్లో తుపాకీ లేదు. ఈ కౌంటీలో తుపాకీ లేనివాళ్లం ముగ్గురం ఉంటామేమో. మిగతా ఇద్దరూ పాస్టర్లు.

నా భార్య ఆర్డిత్ అంత్యక్రియల సంగతి పేపర్లో టైముతో సహా పడింది. ఆ టైముకే ఎవరో వంటగది తలుపు విరగ్గొట్టి లోపలికి వచ్చారు. టీవీ ముట్టుకోలేదు. వచ్చింది మందుల కోసం. కేన్సర్ ఉన్న ఇంట్లో మార్ఫిన్ ఉంటుందని ఇక్కడ అందరికీ తెలుసు. ఆమె పోయిన రోజే, చివరి రోజుల్లో ఇంటికొచ్చి చూసుకున్న హాస్పిస్ నర్సు, మిగిలిందంతా ఎవరూ వాడకుండా పిల్లి ఇసుకలో కలిపి పారేసిందని వాళ్లకి తెలియదు. ఏమీ దొరక్క ఆర్డిత్ సొరుగులన్నీ మంచం మీద బోర్లించారు.

మా టౌన్‌షిప్‌కి పోలీసుల్లేరు. రాష్ట్ర పోలీసు, స్టేట్ ట్రూపర్ వచ్చాడు. మర్యాదస్తుడు. ఫోన్ చేస్తే ఎంతసేపట్లో రాగలరని అడిగాను. రోడ్డు బాగుంటే నలభై నిమిషాలన్నాడు. దొరకలేదు కాబట్టి మళ్లీ రావచ్చని కూడా అన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సిందని అనిపించిందో ఏమో, టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

మార్చి 3, శుక్రవారం

వెర్నా ఇంటికి వెళ్లాను. ఆర్డిత్‌కి అక్క. స్కూల్ బస్సు నడుపుతుంది. ఆమె మొగుడు డ్వైట్‌కి మోకాలి ఆపరేషన్ అయింది. రిక్లైనర్ కుర్చీలోంచి లేవలేడు, నోరు మాత్రం ఆగదు. తుపాకీ అనగానే కళ్లు వెలిగాయి.

పెద్ద తూటా వేసే ఫార్టీఫైవ్ తప్ప ఇంకోటి తుపాకీయే కాదట. "నైన్ ఎమ్మెమ్‌తో కాలిస్తే దొంగకి కోపం వస్తుంది, అంతే!"

వంటగదిలోంచి వెర్నా అంది: "ఆయన దగ్గర పన్నెండున్నాయి. బాత్రూమ్‌కి వెళ్లాలంటే మాత్రం నేను కావాలి."

తర్వాత చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. ఇల్లు అమ్మెయ్యమంది. టౌన్లో పాత బ్యాంకు పైన అపార్ట్‌మెంట్ ఖాళీగా ఉందట, ఆవిరి హీటింగట, మెట్లు తక్కువట. వద్దన్నాను. ఎందుకంది. ఆ ఇంట్లో ఉంటాను కాబట్టి అన్నాను.

"అది కారణం కాదు ఎమిల్."

నాకు చాలు.

మార్చి 5, ఆదివారం

ఇంటర్నెట్లో చదివాను. రివాల్వర్ సులువు అంటారు. రివాల్వర్ ట్రిగ్గర్ గట్టిది అంటారు. చిన్నది కొనమంటారు. చిన్నది కొన్నవాళ్లు ఏడుస్తారు అంటారు. అందరికీ పూర్తి నమ్మకమే. వంతెనలు తనిఖీ చేసే ఉద్యోగంలో ముప్పై ఏళ్లుగా నేర్చుకున్నది ఒకటే: చదివింది చాలదు, కిందికి దిగి ముట్టుకుని చూడాలి. రూట్ 8 మీద తుపాకులు కాల్చి చూసే రేంజ్ ఒకటి ఉంది. అద్దెకిస్తారు. మూడు నాలుగు కాల్చి చూసి, చేతికి కుదిరింది కొంటాను.

మార్చి 7, మంగళవారం

అద్దెకివ్వలేదు.

కౌంటర్లో లోరీన్ అని ఒకావిడ. అరవై దాటి ఉంటుంది. మెడలో గొలుసుకి రెండు కళ్లజోళ్లు వేలాడుతున్నాయి. ఏవేవి కాల్చి చూడాలో చెప్పాను. అన్నీ విని, నాతో ఎవరొచ్చారని అడిగింది. ఎవరూ రాలేదన్నాను.

"మొదటిసారి, ఒంటరిగా వస్తే అద్దెకివ్వం. రూలు. ఎవరినైనా తీసుకురా బాబూ."

ఇంజనీరుని కదా, రూల్లో కన్నం కనిపించింది. ఇదే షాపులో ఇప్పుడే ఒకటి కొంటే, దాంతో లోపలికి ఒంటరిగా వెళ్లనిస్తారా అని అడిగాను. వెళ్లనిస్తాం అంది. మరి తేడా ఏమిటన్నాను.

"కొనాలంటే ఫారం నింపాలి. ఫోన్ మీద పోలీసు రికార్డు చెక్ చేయాలి. కాసేపు నాతో నిలబడి మాట్లాడాలి. అద్దెకైతే రెండు నిమిషాలు." కళ్లజోడు ఒకటి తీసి ఇంకోటి పెట్టుకుంది. "ఈ గోడకవతల ఒకసారి ఒకతను అద్దె తుపాకీతో తనని తానే కాల్చుకున్నాడు. తుడిచింది నేనే. ఆ తర్వాతే ఈ రూలు."

నా నల్ల కోటు చూసింది. నేనూ చూసుకున్నాను. అంత్యక్రియలకి వేసుకున్నదే. ఇంకో కోటు లేదు.

నేను అందుకు రాలేదు అని చెప్పొచ్చు. చెప్పలేదు. థాంక్స్ చెప్పి వచ్చేశాను.

మార్చి 8, బుధవారం

ఎవరినైనా తీసుకురా. నాకు ఎవరైనా అంటే ఆర్డిత్ ఒక్కతే.

మార్చి 10, శుక్రవారం

ఫైర్ హాల్లో ఫిష్ ఫ్రై. లెంట్ ఉపవాసాల్లో శుక్రవారం మాంసం ఉండదు కదా, ఊరంతా అక్కడే. లైన్లో వెర్నా వెనకాల నిలబడ్డాను. ముందు హాడక్ చేప గురించి మాట్లాడుకున్నాం. తర్వాత అడిగాను. రేపు రేంజ్‌కి నాతో రావాలి, మనిషి లేకపోతే అద్దెకివ్వరు అన్నాను.

ఎందుకివ్వరు అని అడగలేదు. ఆమెకి తెలుసు. ప్లేట్లో క్యాబేజీ కోల్‌స్లా మళ్లీ మళ్లీ వేయించుకుంది. వెనకాల ఎవరో కదలమన్నారు.

"వస్తాను. కాల్చను. ఆ చప్పుడు డ్వైట్ గురక కంటే ఎక్కువుంటే లేచి వచ్చేస్తాను."

మార్చి 11, శనివారం

నేనే నడిపాను. మిల్లు దాటాక వెర్నా సూటిగా అడిగింది. "ఆ తుపాకీ వాళ్ల కోసమా, నీ కోసమా?"

చర్చి దాటాం. పశువుల దాణా కొట్టు దాటాం.

"వాళ్ల కోసం," అన్నాను.

"చెప్పడానికి ఇంతదూరం ఎందుకు పట్టింది?"

వంతెన మీద సంతకం పెట్టేముందు కిందికి దిగి చూస్తాను కదా, ఇప్పుడూ అలాగే దిగి చూశానని చెప్పాను.

"కింద ఏముంది?"

తుప్పు ఉందన్నాను. బరువు మోస్తుందన్నాను.

కిటికీ వైపు తిరిగి చాలాసేపు ముక్కు తుడుచుకుంది. రేంజ్ పార్కింగ్‌లో ఆగాక మాత్రం, "చెల్లెలికి ఇంకో మొగుడే దొరకలేదు, ప్రేమ మాట కూడా కాంక్రీటులోనే చెప్తాడు," అని విసుక్కుంది.

లోరీన్ ఆమెని చూసి తలూపింది. ఇంకేం అడగలేదు. జుట్టు చెడకుండా చెవులు మూసే ఇయర్‌మఫ్స్ ఎలా పెట్టుకోవాలో వెర్నాకి చూపించింది. అద్దాల వెనక బెంచీ మీద వెర్నా క్రాస్‌వర్డ్ తీసి కూర్చుంది.

ముందు చిన్న రివాల్వర్. జేబులో పట్టేది. కాలిస్తే అరచేతి మీద తలుపు మూసుకున్నట్టుంది. "చిన్నదంటే మెత్తన అనుకుంటారు," అంది లోరీన్. "తేలికది చేతిని తన్నుతుంది. బరువైనది దెబ్బ తానే మింగుతుంది." తర్వాత డ్వైట్ చెప్పిన ఫార్టీఫైవ్. కాగితం మీద నా తూటాలు ఒకదానికొకటి పరిచయం లేనట్టు పడ్డాయి. చివర నైన్ ఎమ్మెమ్, ఫుల్ సైజ్. బరువు బాగుంది, పిడి చేతిలో నిండుగా కూర్చుంది. కానీ తూటా ఎక్కించడానికి పైన జరిగే భాగం, స్లయిడ్, వెనక్కి లాగలేకపోయాను. బొటనవేలి కీలు ఎప్పుడో అరిగిపోయింది. చలికాలాల్లో సుత్తితో ఉక్కు కొట్టి చూసే ఉద్యోగం.

ఇంటికొస్తూ, ఏదీ కుదరలేదని వెర్నాకి చెప్పాను. ఆమెకి క్రాస్‌వర్డ్‌లో ఒక మాట మిగిలిపోయింది. "మళ్లీ శనివారం వద్దాం. నాదీ అవలేదు."

మార్చి 14, మంగళవారం

మంచు. పనినుంచి వచ్చేసరికి ఇంటి దారిలో టైరు జాడలు. నావి కావు. పికప్ ట్రక్కు, వెడల్పు టైర్లు. గరాజ్ దగ్గర ఆగింది. బూట్ల జాడ వంటగది కిటికీ దాకా వెళ్లింది, అక్కడ కాసేపు నిలబడింది (మంచు గట్టిపడి ఉంది), తిరిగి వెళ్లింది. ఒక్కడే.

ట్రూపర్‌కి ఫోటోలు పంపాను.

అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి వంటగది తలుపుకి కొట్టాను. మందులు లేవు. ఆమె చనిపోయింది. నర్సు అన్నీ పారేసింది.

మార్చి 15, బుధవారం

వెర్నా క్యాసరోల్ వండి తెచ్చింది, అట్ట చూసింది. "దొంగకి ఉత్తరం రాశావా? కింద సంతకం కూడా పెట్టకపోయావా?" అని కేకలేసింది. నవ్వుతోందనుకున్నాను. నవ్వడం లేదు. ఈ రాత్రే టౌన్‌కి వచ్చెయ్, సామాను తర్వాత చూద్దాం అంది.

రానని చెప్పాను. సొరుగుల బట్టలు ఇంకా మంచం మీదే ఉన్నాయి. తను సర్దిపెడతానంది. వద్దన్నాను. ఆమె వెళ్లాక నేనే సర్దాను. ఆర్డిత్ స్వెటర్లు ఎలా మడతపెట్టేదో నాకు తెలియదు. అన్నీ పట్టాయి కానీ సొరుగు సరిగ్గా మూసుకోవడం లేదు.

మార్చి 18, శనివారం

తుపాకీ తేలింది.

నైన్ ఎమ్మెమ్ స్లయిడ్ వేళ్లతో లాగొద్దంది లోరీన్. పైభాగాన్ని అరచేతితో బిగించి కదలకుండా పట్టుకో, రెండో చేత్తో పిడిని ముందుకు తొయ్యి అంది. తలుపు తోసినట్టే. జరిగింది. బొటనవేలితో పనే లేదు. ఎవరైనా ముందే చెప్పొచ్చు కదా అన్నాను. "మగవాళ్లు అడగరు. బలం చూపించడం అయ్యేదాకా ఆగుతాను."

కాలిస్తే అన్నీ కిందికే పడుతున్నాయి. లోరీన్ తూటాలుండే మ్యాగజైన్ తీసుకుని, నాకు కనపడకుండా ఏదో చేసి ఇచ్చింది. ఒకటి పేలింది. రెండోది పేలింది. మూడోసారి క్లిక్‌మంది, అంతే. మందు లేని ఉత్త తూటా. కానీ నా చెయ్యి కిందికి వంగిపోయింది. రాని దెబ్బకి ముందే వంగింది.

"అదీ సంగతి," అంది. "చప్పుడు కోసం ఎదురుచూస్తున్నావు. ఎదురుచూడకు. నొక్కు, అంతే."

ఏడాదిగా అలాగే ఉన్నాను. డాక్టరు ఫోన్ మోగకముందే వంగిపోయేవాణ్ని.

చివరి మ్యాగజైన్ అంతా సాసర్‌లో పట్టేంత చోట పడింది. కాగితం విప్పి వెర్నాకి చూపించాను. డ్వైట్‌కి చూపించొద్దంది, మోకాలు మళ్లీ వాస్తుందట.

కారులో షరతు పెట్టింది. రోజూ పొద్దున ఏడింటికి తనకి ఫోన్ చేయాలి. కాఫీ తాగకముందే. మాట్లాడక్కర్లేదు, దగ్గినా చాలు.

"ఫోన్ రాకపోతే బస్సు మీ ఇంటికే తిప్పుతాను. నలభైమంది పిల్లలతో సహా."

ఒప్పుకున్నాను.

మార్చి 20, సోమవారం

కొన్నాను. ఫారం, ఫోన్, పది నిమిషాలు. లాక్‌బాక్స్ కూడా. ఇక ఒంటరిగా రావచ్చని లోరీన్ అంది. శనివారం ఇద్దరం వస్తామన్నాను. క్రాస్‌వర్డావిడ కోసం బెంచీ మీదకి మెత్త తెచ్చి పెడతానంది.

మార్చి 21, మంగళవారం, ఉదయం 7

దగ్గాను. వెర్నా, "దీనికి డ్వైట్ దగ్గే నయం," అని పెట్టేసింది.

మార్చి 25, శనివారం

ఈరోజు కాల్చడం తక్కువ. లోరీన్ నన్ను కూర్చోబెట్టి ఇంటి సంగతి అడిగింది. వాళ్లొస్తే ఏం చేస్తావు? లేచి వాళ్లకి ఎదురెళతాను అన్నాను. తప్పంది. వెతుక్కుంటూ వెళ్లకు. టీవీ పట్టుకుపోతే పట్టుకుపోనీ, దాని కోసం ఎవరూ చావక్కర్లేదు. గదిలోనే ఉండు. మంచానికి అవతల కింద కూర్చో. ఫోన్‌లో పోలీసులుండాలి. తుపాకీ ఉందని అరిచి చెప్పు. ఆ తర్వాత కూడా గది తలుపు తోసుకుని వచ్చేవాడు మందుల కోసం వచ్చినవాడు కాదు.

"అప్పుడు కాల్చగలవా?"

వెర్నా క్రాస్‌వర్డ్ నుంచి తలెత్తింది.

గలను అన్నాను.

"అయితే ఒకటి గుర్తుపెట్టుకో. తూటా గోడ దగ్గర ఆగదు. నువ్వెక్కడ ఉంటే ఏ తూటా ఎక్కడ ఆగుతుందో ముందే తెలిసుండాలి."

ఇది నాకు అర్థమయ్యే భాష. టేపు, గ్రాఫ్ పేపర్ ఇంట్లోనే ఉన్నాయి.

మార్చి 26, ఆదివారం

మధ్యాహ్నమంతా పడకగది కొలిచాను. ఆర్డిత్ పోయినప్పట్నుంచీ హాల్లో సోఫా మీదే పడుకుంటున్నాను. గదిలో మంచం మధ్యలో ఉంది. తలుపు వైపు నాది, కిటికీ వైపు ఆర్డిత్‌ది.

నా వైపు నుంచి తలుపుకి గీత గీస్తే మెట్ల మీదుగా వెళ్లి బయటి గోడకి తగులుతుంది. ఉత్త ప్లాస్టర్. దాని అవతల ఎనభై గజాల్లో పక్కవాళ్లుండే ట్రైలర్ ఇల్లు. వాళ్లకి పాప పుట్టింది, జనవరిలో. అక్కణ్ణుంచి కాల్చకూడదు.

ఆర్డిత్ వైపు నుంచి గీస్తే తలుపు వెనకాల సరిగ్గా పొగగొట్టం. తాతల నాటి రాయి, రెండడుగుల మందం. ఏదైనా అక్కడ ఆగుతుంది.

మంచం జరుపుదామని చూశాను. ఎలా జరిపినా ఆ గీత కుదరలేదు. మూడుసార్లు కొలిచాను. జవాబు మారలేదు.

దుప్పట్లు ఉతికాను. ఆమె దిండు కవరు మాత్రం ఉతకలేదు. లాక్‌బాక్స్ ఆమె బల్ల మీద పెట్టాను.

మార్చి 27, సోమవారం, ఉదయం

ఆమె వైపు పడుకున్నాను.

ముప్పై నాలుగేళ్లు ఆర్డిత్ ఇలా పడుకుంది. తలుపుకీ తనకీ మధ్య నేను.

ఇప్పుడు అక్కడ ఎవరూ లేరు. తలుపు బాగా కనిపిస్తోంది.