వల గీసిన చోట

ఘాజియాబాద్,
9-9-1984

నాన్నా,

చదువుకున్న పొగరుతో చేపలకి జబ్బంటున్నానని బాబాయి మీకు రాశాడట. మీరూ నమ్మేశారు. నాకైతే చెరువు వైపు చూడాలంటే భయంగా ఉంది.

మన కొల్లేటిలోలాగే బాబాయి ఇక్కడి ఇరుకు చెరువులోనూ వారం వారం వల లాగి, చిన్న చేపల్ని తిరిగి నీళ్ళలోకి విసిరేస్తున్నాడు. వల గీసి పొలుసు ఊడిన చోటే పుండు పడుతోంది. క్రిములు అక్కణ్ణించే లోపలికి పోతున్నాయి. మొన్న మూడు చచ్చి తేలాయి, ఇవాళ నలభై.

“బాగున్నవాటిని రేపు యేసుదానం చెరువులో వదిలేద్దాం లేవే, నీళ్ళు మారితే తేరుకుంటాయి,” అంటున్నాడు. ఆ బాగున్నవాటిలో ఒకదాన్ని పట్టి చూశాను. రెక్క కింద, పుండుకి ముందు వచ్చే ఎర్రటి మచ్చ ఉంది. యేసుదానం అంకుల్ ఆసుపత్రి ఉద్యోగం మానేసి ఆ చెరువు తవ్వించుకున్నారు. 

ఈ ఉత్తరం పోస్టుడబ్బాలో వేసి, అటునుంచి అటే ఆయన ఇంటికి వెళ్ళి చెప్పేస్తాను.