మునెయ్య మామ వంతు

గురువారం, మణవాళనగర్.

గోల్ఫ్ మైదానంలో మాతోపాటు గడ్డి కోసే మునెయ్య మామకు చూపు తగ్గింది. పని పోతుందేమోనని ఇన్నాళ్లూ ఆయన వంతు కూడా మేమే గీత వంకరపోకుండా కోసి, మిషను ఆయన చేతికిచ్చి నిలబెట్టేవాళ్లం. ఈరోజు క్లబ్బు సెక్రటరీ మామే కోశాడనుకుని ఆ గడ్డిని మెచ్చుకున్నాడు. రేపు గోల్ఫ్ పోటీకి ముందు మామ ఒక్కడే తన ఎదుట కోయాలన్నాడు.

తిరుగు రైల్లో మాతో గడ్డి కోసే తిరుత్తణి కేశవులు నామీద విసుక్కున్నాడు.

"అంత నున్నగా ఎందుకు కోసినావప్పా?"

మామ నవ్వాడు. "వాణ్ణి తిట్టొద్దురా. మొదటి గీత యాడ పట్టాలో చెప్పండి చాలు. మిగతాది నా కాళ్లకు తెలుసు."

దిగేటప్పుడు ఆ కాళ్లే ప్లాట్‌ఫారం అంచు కోసం తడుముకున్నాయి. చెయ్యి పట్టుకుని దించాను. రేపు సెక్రటరీ ఎదుట పట్టుకోలేను.