పాత స్క్రూ మా తమ్ముడికి

వీధి చివరి వర్క్‌షాపులో నలభై ఒక్క ఏళ్లుగా ఇనుము కోసే మిల్లింగ్ మిషన్ నడుపుతూ, పెళ్లీ పిల్లలూ లేకుండా ఆ షాపు వెనక గదిలోనే ఉంటున్న నేను, అరవై ఆరో ఏట, ఎవరి బలవంతమూ ప్రేరేపణా లేకుండా నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. గుండె బలహీనపడిందనీ, బుర్ర మాత్రం దివ్యంగా ఉందనీ డాక్టరుగారు చెప్పారు. ఆయన సాక్షి సంతకం పెడుతున్నది ఆ రెండో సంగతికి. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. రాసివ్వడానికి నాకంత మంది ఎప్పుడూ లేరు.

1. నా తదనంతరం దీన్ని అమలు జరిపే బాధ్యత పక్కింటి టైలరమ్మది. ఆమె నోటికి జడిసి ఎవరూ అడ్డు రారు. మిషను పక్కనున్న పెద్ద లైటు ఆమెకు చెందుతుంది. సూదిలో దారం ఎక్కించలేక చస్తున్నానని ఆమె అరుస్తుంటే గోడ ఇవతల రోజూ వింటున్నాను. కొన్ని రోజులు నేను విన్న మనిషి గొంతు అదొక్కటే.

2. షాపు, వెనక గది, మిల్లింగ్ మిషను, దాని సామాను సమస్తం నా ఒక్కగానొక్క తమ్ముడికి సర్వహక్కులతో చెందుతాయి. వాడు రాకపోయినా చెందుతాయి. అమ్ముకుంటానన్నా ఎవరూ కాదనకూడదు. మిషనును తుక్కు కింద తూకానికి ఇవ్వొద్దని మాత్రం నా మనవి. మనవే, షరతు కాదు. షరతులు పెట్టే మొహం నాకు లేదు.

3. మిషను గురించి వాడికి తెలియాల్సినవి. టైలరమ్మకూ అర్థం కావాలంటే, ఇనుప ముక్కను బిగించే టేబుల్‌ను కుడిఎడమలకు ఒక హ్యాండిల్, ముందువెనకలకు ఇంకోటి జరుపుతాయి, ఒక్కోదానికీ ఒక స్క్రూ. పాత స్క్రూ ఉన్నప్పుడు హ్యాండిల్ వెనక్కి తిప్పితే పావు చుట్టు ఊరికే పోయేది, ఆ తర్వాత గానీ టేబుల్ కదిలేది కాదు. షాపుల్లో దాన్ని ప్లే అంటాం, ఆ పావు చుట్టు లెక్కలో కలుపుకునే తిప్పుతాం. ఆరు నెలల క్రితం ఆ స్క్రూలు తీసేసి, తుక్కుకు వచ్చిన ఒక కంప్యూటర్ మిషన్‌లోంచి విప్పిన బాల్ స్క్రూలు బిగించాను. వీటి నట్టులో ఉక్కు గోళీలు దొర్లుతుంటాయి కనుక ప్లే ఉండదు, తిప్పినంతా కదులుతుంది. నట్టు లావై టేబుల్ కింద పట్టకపోతే లోపల తొలిచి చోటు చేశాను. మూడు వారాలు పట్టింది. ఇంకో మనిషి ఉంటే మూడు రోజుల పని.

జాగ్రత్త. ఈ స్క్రూ మరీ తేలిక. పాతది మొండిది, పెట్టిన చోటే ఉండేది. ఇప్పుడు కోత పడుతుంటే టేబుల్ తనంతట తనే జారుతుంది. ఒక హ్యాండిల్ తిప్పేటప్పుడు రెండోదాన్ని ఎవరైనా పట్టుకోవాలి. నాకెవరూ లేరు గనుక తోలుముక్క వేసి ఒక బిగింపు చేసుకున్నాను. తమ్ముడూ మరదలూ కలిసి నడిపేటట్టయితే దాన్ని తీసి పారేయొచ్చు.

4. నట్టును స్క్రూ మీంచి లాగేటప్పుడు గొట్టం అడ్డం పెట్టాలని తెలిసీ మరిచాను. గోళీలన్నీ జలజలా రాలాయి. మోకాళ్ల మీద పాకుతూ అయస్కాంతంతో ఏరాను. ఒక్కటి దొరకలేదు. ఊడ్చేటప్పుడు కనిపిస్తే పారేయకండి, సొరుగులోని అగ్గిపెట్టెలో వేయండి. అది లేకపోయినా నట్టు నడుస్తుంది. అయినా వెతుకుతూనే ఉన్నాను.

5. పాత స్క్రూలు రెంటిలో పొడుగుది నూనెగుడ్డలో చుట్టి నా మంచం కింద ఉంది. టైలరమ్మ దాన్ని స్వయంగా తీసుకెళ్లి తమ్ముడి చేతికే ఇవ్వాలి. కారణం ఇదీ. చిన్నప్పుడు వాణ్ణి పిలిస్తే పావుగంటకు గానీ లేచేవాడు కాదు. ఆ స్క్రూ లాంటివాడే అని 'పావుచుట్టు' అని పేరు పెట్టాను. ముద్దుగానే పెట్టాను. పదకొండేళ్ల క్రితం ఒక పంపుల కంపెనీకి వాడు ఈ మిషను మీదే పన్నెండు ప్లేట్లు చేశాడు. అన్నింటిలోనూ కొసల రంధ్రాలు సరిగ్గా కుదిరాయి, నడిమివి తప్పాయి. "నా లెక్క తప్పలేదక్కా, మధ్యకొచ్చేసరికి పావు చుట్టు చాలట్లేదు" అన్నాడు. కంపెనీ వాళ్ల ముందే నేను, "స్క్రూకేం రోగంరా, రోగం నీ బుర్రకి. ఒరే పావుచుట్టూ, చేతకాకపోతే చేతకాదని చెప్పు" అన్నాను. అందరూ పకపకా నవ్వారు. వాడు చేతులు తుడుచుకుని, ఆ గుడ్డ మేకుకు తగిలించి వెళ్లిపోయాడు. గుడ్డ ఇంకా అక్కడే ఉంది.

ఆరు నెలల క్రితం స్క్రూ విప్పి వెలుతురులో చూశాను. రెండు కొసల్లోనూ మరలు కొత్తవాటిలా ఉన్నాయి. నడుమ జానెడు మేర అరిగి పలచబడ్డాయి. వాడు వెళ్లాక నేను చేసినవి చిన్నా చితకా పనులు, అంత అరుగుదల వాటివల్ల రాదు. గోరు పెట్టి గీస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఇన్నేళ్లలో ఒక్కసారి విప్పి చూడటానికి నా పొగరు ఒప్పుకోలేదు. తప్పు నాది. ఆ రోజే ఫోన్ చేశాను. "హలో" అన్నాడు. గొంతు కాస్త ముసలిదైంది. ఫోన్ పెట్టేశాను.

6. ఆ పేరు కంపెనీ వాళ్ల నోట పడి టీకొట్టుకు పాకింది, వాడి అత్తవారింటి దాకా పోయింది. కనుక టైలరమ్మ అయిదో అంశం మొత్తాన్ని టీకొట్టు దగ్గర, జనం నిండుగా ఉన్నప్పుడు, గట్టిగా చదవాలి. ఆ పైన నా తమ్ముణ్ణి ఎవరూ ఆ పేరుతో పిలవడానికి వీల్లేదు. పిలిచిన పావుగంటకైనా వాడు లేచి వచ్చేవాడు. నాకు పదకొండేళ్లు చాల్లేదు. ఆ పేరు మాత్రం ఎవరికీ రాసివ్వడం లేదు, నా దగ్గరే ఉంచుకుంటున్నాను.

పైదంతా మళ్లీ చదువుకుని, సమ్మతించి, ఇద్దరు సాక్షుల ఎదుట చేసిన సంతకం.

2019 ఆగస్టు 13, మంగళవారం

(సంతకం) పావుచుట్టు

సాక్షులు:
1. బాల్ స్క్రూలు ఇచ్చిన పాత ఇనుము కొట్టు యజమాని
2. డాక్టరు. (ఈ పేరుతోనే సంతకం పెడతానని ఆమె పట్టుబట్టారు. పూర్తి స్పృహలోనే ఉన్నారు.)