ఆరో నంబరు మీటరు

నాన్నకి,

నమస్కారాలు. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందనీ, నీ స్నేహితుడి స్పేరుపార్టుల షాపులో కూర్చోడానికి మంచి కుర్చీ దొరికిందనీ అనుకుంటున్నాను.

నీ ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. నీ పనిముట్ల సంచి భద్రంగా ఉంది. అమ్మ దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదు. ఇక నేను కంప్యూటర్లో పెట్టిన డ్రైవరనే ప్రోగ్రాము ఏం చేస్తుందంటావా? అమ్మయితే, "డ్రైవరన్నాక జీతం ఎవరిస్తారే?" అంది! అది తరగతిలో హాజరు పిలిచే పంతులమ్మ లాంటిది నాన్నా. నువ్వు లాగిన ఒక్క వైరు మీదే మన పంపుహౌసు నీళ్ళ ట్యాంకుల మీటర్లన్నీ ఉంటాయి. డ్రైవరు ఒక్కో నంబరూ పిలుస్తుంది. పిలిచిన మీటరొక్కటే తన ట్యాంకులో నీళ్ళెంతో చెబుతుంది, మిగతావి నోరు మెదపవు.

మధ్యాహ్నం పంపుల హోరులో కళ్ళు మూతపడితే నాకు ఆ పిలుపులే వినిపిస్తాయి. ఒకటీ, ఎంత? సగం. రెండూ, ఎంత? నిండుగా. ఆ వైరు పట్టుకుని నీళ్ళ మీద నడుస్తూ పోతుంటాను. ఆరో ట్యాంకు దగ్గర నువ్వు స్టూలెక్కి, స్క్రూ బిగించి, వైరుని మూడుసార్లు లాగి చూస్తుంటావు. "మూడుసార్లకి ఊడి రాలేదంటే ఇంక రాదే బుల్లీ" అంటావు. మెలకువొచ్చేసరికి ఎదురుగా నీలం రంగు తెర ఉంటుంది.

ఇక మూడోది. "నేను వచ్చేశాక తెర మీద అంకెలు కుదురుకున్నాయట. అయితే తప్పు నా జాయింటుదేనా? నా చేతుల్లో పట్టు పోయిందా?" అని రాశావు. దీనికి జవాబు ఇరవై రోజులుగా నా దగ్గరే ఉంది నాన్నా.

ఆరో ట్యాంకుకి పెట్టిన కొత్త మీటరు ఫ్యాక్టరీ నుంచి ఒకటో నంబరుతోనే వచ్చింది. దాన్ని ఆరుకి మార్చాల్సింది నేను. డ్రైవరులో ఆరని రాశాను, మీటరులో మార్చడం మరిచిపోయాను. ఆరుని పిలిస్తే ఎవరూ పలకలేదు. ఒకటిని పిలిస్తే రెండు మీటర్లూ ఒకేసారి అరిచాయి. అందరూ వైరునే అనుమానించారు. నువ్వు ఆ జాయింటు తొమ్మిదిసార్లు విప్పి కట్టావు. పెద్ద ఇంజనీరు "వయసైపోయిందిలే" అంటే తలొంచుకుని, సంచి ఇంట్లో పడేసి వెళ్ళిపోయావు.

నువ్వెళ్ళిన వారానికి నా తప్పు నాకు కనబడింది. చప్పుడు చేయకుండా నంబరు మార్చేశాను. అంకెలు కుదురుకోగానే అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆ రోజు అన్నం సహించలేదు. నిజం చెబితే ఉద్యోగం పోతుందని భయపడ్డాను. రాయడానికే సిగ్గుగా ఉంది.

ఇవాళ పొద్దున పెద్ద ఇంజనీరు గదిలోకెళ్ళి అంతా చెప్పేశాను. ఆయన, "ముందు మీ నాన్నకి చెప్పమ్మా. నీ సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు.

అక్కణ్ణుంచి నేరుగా ఆరో ట్యాంకు దగ్గరికెళ్ళి స్టూలెక్కాను. నువ్వు చివరిసారి కట్టిన జాయింటు ఎర్ర టేపుతో అలాగే ఉంది. మూడుసార్లు లాగాను. నా మీద కోపంతో నాలుగోసారీ లాగాను.

రాలేదు నాన్నా.

ఇట్లు,
నీ చేతుల మీద నింద పడుతుంటే చూస్తూ ఊరుకున్న
నీ కూతురు, బుల్లి