చంటిగాడు రంగు మార్చిన కేసు

కొండాపూర్

గౌరవనీయురాలైన శిరీషక్కకు తమ్ముడు భరత్ వంగి వంగి పెట్టే నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. ఆ 'అందరం'లో నీ చేప ఉందో లేదో విచారణ పూర్తయ్యాక చెబుతాను. చెన్నైలో నీ ట్రైనింగ్ బాగా సాగుతోందని తలుస్తాను.

ఈ కాలంలో ఉత్తరమేందని నవ్వకు. నీ వాట్సాప్ బావ లాప్‌టాప్‌లో కూడా తెరిచే ఉంది. నిందితుడే చదువుకుంటే ఇంక విచారణెందుకు?

"ఫోటోలో ఉన్నది మన చంటిగాడేనా? వాడు తెల్లగా ఉండాలి కదా! పోయుంటే పోయాడని చెప్పండి. వేరేదాన్ని తెచ్చిపెట్టి మాయ చేస్తే మాత్రం మీ బావ మాట జన్మలో నమ్మను" అని బావ పంపిన ఫోటో చూసి రాశావు. సరే, చదువు.

నువ్వు వెళ్ళాక బావ నీ ఉప్పునీళ్ళ తొట్టిలో తెల్ల ఇసుక కొంచెం కొంచెంగా తీసేసి నల్లది పోశాడు. "నలుపు మీద పగడాలు మెరుస్తాయిరా" అన్నాడు. ఎర్ర చొక్కా మీద ఆకుపచ్చ ప్యాంటు వేసే మనిషికి హఠాత్తుగా ఈ కళాపోషణ ఏంటి? అనుమానం అక్కడ మొదలైంది. తర్వాత మదీనాగూడలోని చేపల షాపువాడికి బాల్కనీలోంచి గుసగుసగా ఫోన్లు. మొన్న ఆదివారం ఏకంగా పళ్ళెంలో నల్ల ఇసుక పరిచి, మన ఫ్రిజ్ మీది తిరుపతి అయస్కాంతం దాని మీద తిప్పుతూ దొరికాడు.

"ఏం పూజ బావా ఇది?"

"ఇనుప రజనేమైనా ఉందేమో చూస్తాండా. నల్ల ఇసుకలో ఉంటాదని చేపల షాపువాడు ఫోన్లో చెప్పినాడు. కరిగితే పగడాలకు మంచిది కాదు."

"చంటిగాడు పోయాడు కదా?"

చెయ్యి ఆగింది. "మీ అక్క అడగమనిందా?"

నేను గంభీరంగా తలూపాను.

"తొట్టిలో ఉండేది వాడేరా! కింద నలుపుంటే వాడూ నల్లబడతాడు. దాక్కోవాల గదా."

"అలాగా! నేను బంజారాహిల్స్‌లో ఉంటే కోటీశ్వరుణ్ణవుతానా?"

బావ తెల్లటి ఐస్‌క్రీం డబ్బాలో తొట్టి నీళ్ళు పోసి చేపను వదిలాడు. ఇద్దరం కాపలా కూర్చున్నాం. టీ చల్లారింది. మెల్లమెల్లగా నలుపు వెలిసి, చేప మీగడ రంగుకొచ్చింది. నువ్వు గుర్తు చెప్పిన తోక చీలిక కూడా ఉంది. చంటిగాడే, అక్కా! క్షేమం!

"మరి నల్లదెందుకు పోశావు?" అన్నాను, గొంతు తగ్గించి.

"తెల్లదాని మీద ఇంత మురికి కనబడినా వీడియో కాల్‌లో మీ అక్క ముఖం వాడిపోతాది. అంత దూరంలో ఆమెకెందుకు పరేషాన్ అని. అడక్కుండా మార్చింది తప్పేలే. మళ్ళీ తెల్లదే పోస్తా."

ఇక నా సంగతి. విచారణ ముగియకముందే నంద్యాలకు ఫోన్ చేసి, "చంటిగాడు పోయాడు, నీ అల్లుడు దాస్తున్నాడు" అని అమ్మకు తీర్పు వినిపించేశాను. ఆమె నిన్ను ఓదార్చడానికి ఫోన్ చేస్తే అల్లుడు నిర్దోషని నువ్వే చెప్పు. నాకు ధైర్యం చాలదు.

బావ తెల్ల ఇసుక కడిగి బాల్కనీలో ఆరబెట్టాడు. భోజనం దగ్గర కూడా మాట్లాడటం లేదు. చంటిగాడిదేముంది, కింద ఏ రంగుంటే ఆ రంగుకొస్తాడు. ఈ ఇంట్లో అలాంటి ప్రాణి ఇంకొకటి కూడా ఉంది, నీ మెళ్ళో తాళి కట్టింది అదే. ఈ ఒక్కసారికి నల్లదే ఉండనీ అని ఫోన్ చెయ్యి. నాకు కాదు, ఆయనకు.

ఇట్లు,
తీర్పు ముందు, విచారణ తర్వాత చేసే
నీ తమ్ముడు భరత్